చెప్పే గొంతు, అందుకునే గొంతులు: మన పాత క్యాసెట్ల సందర్భంగా కొంత చరిత్ర

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చదవండి.

పోయిన నెల గ్రూపులో మేము పెట్టిన బతుకమ్మ పాట చాలామంది విన్నారు. చంద్రపూర్ గనుల కాలనీలో ఎప్పుడో పాడుతుంటే పట్టిన క్యాసెట్ అది. పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు మన మధ్య లేరు. "సౌండ్ భలే గట్టిగా వచ్చింది" అని మెచ్చుకున్నారు. కానీ ఆ రోజు ఆ గుంపులో పాడిన ఒక పెద్దమ్మ ఫోనులో విని, "పాట చెప్పేదెవరు, అందుకునేదెవరు? అందరూ ఒక్కతీరుగ ఒర్లుతున్నరు గదా బిడ్డా" అన్నారు. మేము మళ్ళీ అసలు క్యాసెట్ పెట్టుకుని విన్నాం. ఆమె మాటే నిజం. క్యాసెట్‌లో ఒక్క గొంతు మెల్లగా చరణం చెబుతుంది, ఆ వెంటనే అందరి గొంతులూ చప్పట్లూ గుప్పున లేస్తాయి. మేము పెట్టిన దాంట్లో ఆ లేవడమే లేదు. స్టూడియో అబ్బాయిని అనడానికేమీ లేదు. "సౌండ్ పెంచి ఇవ్వు బాబూ" అని అడిగింది మేమే.

ఆ అబ్బాయి వాడినదాన్ని కంప్రెసర్ అంటారు. శబ్దం ఎంత ఎత్తు దాటకూడదో అది ఒక గీత గీస్తుంది. గీత దాటినదాన్ని నొక్కుతుంది. నాలుగుకు ఒకటి అని పెడితే, గీత పైకి 8 డెసిబెల్స్ లేచిన గొంతు 2 డెసిబెల్స్ మాత్రమే లేచినట్టు బయటికొస్తుంది. పెద్దవి అలా అణిగాక మొత్తం పాటను పైకి లేపుతారు. దాంతో మెల్లని గొంతు వచ్చి గట్టి గొంతు పక్కనే కూర్చుంటుంది. లిమిటర్ దీనికి అన్న. అది గీత దాటనే దాటనివ్వదు.

ఇదంతా మోత కోసం పుట్టింది కాదు. గ్రామఫోను రోజుల్లో మైనపు పలక మీద ములుకు గీసే గాడి, శబ్దం పెద్దదైతే అటూ ఇటూ ఎక్కువగా ఊగి పక్క గాడిలోకి పోయేది. శబ్దం మరీ చిన్నదైతే రికార్డు బరబరలో కలిసిపోయేది. గొంతు ఆ రెంటి మధ్యే నడవాలి. మైకు లేకుండా చివరి వరుస దాకా పద్యం వినిపించడం అలవాటైన మన నాటకాల వాళ్ళకు ఇది ఎంత కష్టమో ఊహించండి. రాగం పైకి తీసేటప్పుడు మైకు నుంచి వెనక్కి జరగడం, కిందికి దిగేటప్పుడు దగ్గరికి రావడం, అప్పటి కంప్రెసర్ అదే.

యంత్రం రేడియో వల్ల వచ్చింది. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌కు ఇచ్చే శబ్దం హద్దు దాటితే మాట చెదిరిపోతుంది, పక్క స్టేషన్ మీద కూడా పడుతుంది. అందుకని 1930లలో దాని ముందు లిమిటర్లు పెట్టడం మొదలైంది. వినే పెట్టెలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. 1925లో హెరాల్డ్ వీలర్ అనే అమెరికా ఇంజనీరు కనిపెట్టిన ఆటోమేటిక్ వాల్యూమ్ కంట్రోల్ అది. రాత్రిపూట దూరపు స్టేషన్ అలల్లా వచ్చిపోతున్నా పాట ఒకే మట్టంలో వినిపించేది దాని పుణ్యమే.

సినిమాలో ఇంకో ఇరుకు. ఫిల్ము అంచున సన్నని చారగా ముద్రించే శబ్దంలో మెల్లని చోట హాలంతా 'స్‌స్' అనేది, గట్టి చోట బొంగురుపోయేది. 1957 నాటి మాయాబజార్‌నే తీసుకోండి. ఘంటసాల, లీల పాడిన వెన్నెల పడవ పాట, మాధవపెద్ది సత్యం పాడిన ఘటోత్కచుడి విందు పాట, రెండూ ఆ సన్నని చారలోనే పట్టాయి. అప్పట్లో వాద్యాలూ గాయకులూ ఒకేసారి పాడి వాయించేవారు. తప్పు వస్తే మళ్ళీ మొదటి నుంచే. ఇంజనీరు చెయ్యి నాబ్ మీద ఉండి, పాటను ముందే తెలుసుకుని కదిలేది. విందు పాటలో నవ్వు వచ్చే చోటు ఆ చేతికి తెలుసు. యంత్రానికి నవ్వు వచ్చాకే తెలుస్తుంది.

ఈ ఆలస్యాన్ని కొలిచి పెట్టుకునే మీట పేరు అటాక్. డప్పు మీద తెలిస్తే చాలు, ఇంకెక్కడైనా తెలుస్తుంది. అటాక్ మరీ వేగంగా పెడితే పుల్ల తగిలే మొదటి 'టక్' చచ్చిపోయి, తోలు మోగే 'ధుం' మాత్రం మిగులుతుంది. కాస్త ఆలస్యంగా పెడితే 'టక్' తప్పించుకుని బయటికొస్తుంది. నొక్కుడు వదిలే వేగాన్ని రిలీజ్ అంటారు. అది సరిగా లేకపోతే ప్రతి దెబ్బకూ పాడే గొంతు మునిగి తేలుతుంది. నిమజ్జనం రోజు డీజే బండి వెనక నడిచినవాళ్ళందరికీ ఈ మునగడం అనుభవమే.

1982లో సీడీ వచ్చింది. దాదాపు 96 డెసిబెల్స్ చోటు. పాత వాళ్ళు కలలో కూడా చూడనిది. అంత చోటు దొరికాక అందరూ చేసిందేమిటి? పైకప్పు దగ్గర కిక్కిరిసి నిలబడ్డారు. పక్కవాడి పాట కంటే మన పాట గట్టిగా వినబడాలనే పోటీ. 2008లో మెటాలికా ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడు, అవే పాటలు ఒక వీడియో గేమ్‌లో తక్కువ నొక్కుడుతో ఉండటం విన్న అభిమానులు సీడీ మీద గోల చేశారు. చివరికి కొలత మారింది. చెవికి సగటున ఎంత గట్టిగా తోస్తుందో లెక్కగట్టే పద్ధతిని అంతర్జాతీయ టెలికం సంస్థ 2006లో ప్రకటించింది. 2010లో యూరప్ ప్రసార సంస్థలు దాన్నే ఆధారం చేసుకుని ప్రమాణం పెట్టుకున్నాయి. ఇప్పుడు యూట్యూబ్ కూడా మరీ గట్టిగా ఉన్న పాటను తానే తగ్గించి వినిపిస్తుంది. అంటే మనం నొక్కించి తెచ్చిన మోతను అది తీసేస్తుంది, నొక్కుడు మాత్రం మనకే మిగులుతుంది.

మన క్యాసెట్ దగ్గరికొద్దాం. ఇళ్ళలో వాడిన చాలా టేప్ రికార్డర్లలో శబ్దాన్ని దానంతటదే సర్దే ఏర్పాటు లోపలే ఉండేది. పాట ఆగగానే చుట్టుపక్కల చప్పుళ్ళను పైకి లాగేది. అందుకే చరణానికీ చరణానికీ మధ్య దూరంగా పోయే బొగ్గు బండి చప్పుడు అంత దగ్గరగా వినిపిస్తుంది. (మాకైతే ఆ బండి చప్పుడు తీసేయాలని లేదు. అది కూడా మన చంద్రపూరే.) అంటే ఆ పాట పట్టిన రోజే కొంత నొక్కుడు తిన్నది. మిగిలిన దాన్ని మేము నొక్కించాం. ఇలా నొక్కిన ఫైలు ఒక్కటే చేతిలో ఉంటే అసలుది మళ్ళీ పూర్తిగా రాదు. క్యాసెట్ పారేయలేదు కాబట్టి బతికిపోయాం.

ఇప్పుడు ఇలా అనుకున్నాం. ప్రతి క్యాసెట్‌నూ ముందు ఏ మార్పూ లేకుండా ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించి, రెండు చోట్ల దాచాలి. దాన్ని ముట్టుకోకూడదు. గ్రూపులో పెట్టడానికి వేరే కాపీ. అందులో కంప్రెసర్ బదులు, చెప్పే గొంతు మరీ వినబడని చోట మాత్రం చేత్తో కొద్దిగా పెంచుతాం. పెద్దమ్మ విని సరే అన్నాకే పోస్టు చేస్తాం. ఫోను స్పీకర్‌లో చిన్నగా ఉందనిపిస్తే ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

బల్లార్షాలోనో, దుర్గాపూర్‌లోనో, లాల్‌పేట్‌లోనో మీ అల్మారాల్లో ఇలాంటి క్యాసెట్లు ఉంటే చెప్పండి. బూజు పట్టిందని, టేపు చుట్టుకుపోయిందని ప్లేయర్‌లో పెట్టి పరీక్షించకండి, తెగుతుంది. అలాగే తీసుకురండి. పాడిన వాళ్ళ పేర్లు తెలిస్తే ఒక చీటీ మీద రాసి డబ్బాలో పెట్టండి. పాట చెప్పిన ఆమె పేరు ముందు రాయండి.