శాంటోస్ కాఫీ మ్యూజియం: కప్పు మీది చరిత్ర, కప్పివేసిన చరిత్ర

బ్రెజిల్ దేశంలోని సావో పాలో రాష్ట్రంలో, అట్లాంటిక్ తీరాన ఉన్న శాంటోస్ రేవుపట్టణంలో కాఫీ చరిత్రకు, సంస్కృతికి అంకితమైన మ్యూజియం ఉంది. 1998లో ఏర్పడిన ఈ మ్యూజియం కోసం ప్రత్యేకంగా భవనమేదీ నిర్మించలేదు. పూర్వం కాఫీ వర్తకులు సమావేశమై ధర నిర్ణయించుకొన్న అధికారిక కాఫీ ఎక్స్ఛేంజి భవనమే మ్యూజియంగా మారింది. అందువల్ల సందర్శకుని ముందు ఇక్కడ రెండు పాఠాలు ఉంటాయి. మ్యూజియం నిర్వాహకులు కాఫీ సాగు, రవాణా, వ్యాపారాల గురించి నేడు చెబుతున్నది ఒకటి. 1922లో వర్తకలోకం తన వైభవానికి చిహ్నంగా గోడల మీద, కప్పు మీద చిత్రింపజేసుకొన్నది రెండవది. ఈ రెండవ పాఠాన్ని కాఫీ చరిత్రలోని వాస్తవాలతో సరిపోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కాఫీ మొక్క 1727 ప్రాంతంలో ఫ్రెంచి గయానా నుంచి ఉత్తర బ్రెజిల్‌కు చేరింది. 19వ శతాబ్దిలో దాని సాగు రియో డి జనీరో పరిసరాలలోని పరాయిబా నదీలోయలో విస్తరించి, క్రమంగా సావో పాలో పీఠభూమికి వ్యాపించింది. పీఠభూమికీ సముద్రానికీ నడుమ ‘సెర్రా దొ మార్’ అనే నిటారైన కొండల వరుస అడ్డుగా ఉంది. 1867లో శాంటోస్ నుంచి జుందియాయి వరకు రైలుమార్గం ఏర్పడేవరకు కాఫీ బస్తాలు కంచరగాడిదల వీపులమీదనే కొండ దిగేవి. రైలు రాకతో శాంటోస్ దశ మారింది. 20వ శతాబ్ది ఆరంభానికి ప్రపంచపు కాఫీలో సగానికి మించి బ్రెజిల్‌లోనే పండుతుండగా, అందులో అధికభాగం ఈ రేవు నుంచే ఓడలకెక్కేది.

ఆ సంపదకు ప్రతీకగా లేచినదే ఎక్స్ఛేంజి భవనం. దాని ప్రారంభోత్సవానికి ఎన్నుకొన్న తేదీ 1922 సెప్టెంబరు 7. అది బ్రెజిల్ స్వాతంత్ర్య శతజయంతి దినం. కాఫీ చరిత్రను జాతి చరిత్రతో ఒకటిగా చూపాలన్న సంకల్పం ఈ ఎంపికలోనే వ్యక్తమవుతుంది. వేలంశాలలోని మూడు పెద్ద తైలవర్ణచిత్రాలను బెనెదితో కాలిష్టో గీశాడు. మొదటిది 1545లో పట్టణస్థాపనను, రెండవది 1822 నాటి శాంటోస్‌ను, మూడవది 1922 నాటి శాంటోస్‌ను చూపుతాయి. పల్లె పట్టణమై, పట్టణం మహానగరమైన క్రమం ఆ గోడ మీద ఆటంకం లేకుండా సాగిపోతుంది.

శాల పైకప్పున ఉన్న రంగుటద్దాల చిత్రం మరింత గమనార్హం. దీని రూపకల్పన కూడా కాలిష్టోదే. ఇందులో మూడు ఘట్టాలున్నాయి. మధ్యభాగం వలసపాలన కాలానికి చెందినది. బంగారం కోసం అడవులు చొచ్చిన అన్యంగ్వేరాకు కలిగిన దర్శనం దాని వస్తువు. అతడు బాందేరాంతెలనే అన్వేషక దండులకు చెందినవాడు. ఆ దండులు లోహాల కోసమే కాక, ఆదివాసులను పట్టి బానిసలుగా చేయడానికి కూడా తిరిగాయి. మిగిలిన రెండు ఘట్టాలలో ఒకటి సామ్రాజ్యయుగానికి, మరొకటి గణతంత్రయుగానికి ప్రతీక. మొదటిదాని పేరు ‘వ్యవసాయం, సమృద్ధి’. రెండవదాని పేరు ‘పరిశ్రమ, వాణిజ్యం’.

ఈ కాలవిభజనను తేదీలతో పోల్చి చూస్తే అసలు ప్రశ్న ఎదురవుతుంది. బ్రెజిల్ సామ్రాజ్యం 1822 నుంచి 1889 వరకు నిలిచింది. బానిసత్వం చట్టబద్ధంగా రద్దయినది 1888 మే 13న. అంటే ‘వ్యవసాయం, సమృద్ధి’ అని పేరు పెట్టిన యుగం, చివరి ఏడాదిన్నర మినహా, బానిసల శ్రమయుగమే. 1872 జనగణన నాటికి దేశంలో 15 లక్షలమందికి పైగా బానిసలుండేవారు. కాఫీ తోటలు నాటినదీ, కలుపు తీసినదీ, పండ్లు కోసి కళ్లాలలో ఎండబెట్టినదీ ప్రధానంగా వారే. సమృద్ధి అన్న మాట అబద్ధం కాదు. అయితే అది ఎవరి సమృద్ధి అన్న ప్రశ్నకు ఆ శీర్షికలో చోటు లేదు.

ఈ విస్మృతిని కాలదూరానికి ఆపాదించలేము. 1853లో జన్మించిన కాలిష్టోకు బానిసత్వం రద్దయ్యేనాటికి 34 ఏళ్లు. పైగా శాంటోస్ బానిస విమోచనోద్యమానికి పేరుపొందిన పట్టణం. 1880 దశకంలో తోటలనుంచి పారిపోయి కొండ దిగివచ్చినవారికి పట్టణపు అంచున జబక్వారా అనే ఆశ్రయస్థానం ఏర్పడింది. దానికి నాయకుడైన క్వింతీనో దె లాసెర్దా స్వయంగా బానిసత్వాన్ని అనుభవించినవాడు. పట్టణం గర్వించదగిన ఈ ఘట్టం 1922 నాటి చిత్రప్రణాళికలో ప్రధానాంశం కాలేదు. కనుక ఇక్కడి మౌనాన్ని తెలియమిగా కాక ఎంపికగా గ్రహించవలసి ఉంటుంది.

రద్దు తరువాత తోటలలోకి ఐరోపానుంచి, ముఖ్యంగా ఇటలీనుంచి, వలస కూలీలు వచ్చారు. 1908 జూన్ 18న ‘కసాతో మారు’ అనే ఓడ 781 మంది జపనీయులను శాంటోస్ రేవులో దించింది. భవనం ప్రారంభమైన ఏడేళ్లకే, 1929లో, ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చింది. ధర నిలబెట్టడానికి ప్రభుత్వం 1931 నుంచి 1944 వరకు దాదాపు 7 కోట్ల 80 లక్షల బస్తాల కాఫీని తగులబెట్టించి, సముద్రం పాలు చేయించి నాశనం చేసింది. ఒక్కొక్క బస్తా బరువు 60 కిలోలు. కప్పు మీది సమృద్ధిని చివరకు మంటల్లో కాల్చి మార్కెట్టును కాపాడవలసివచ్చింది.

ఎక్స్ఛేంజి భవనం నేడు పరిరక్షిత వారసత్వ సంపద. కప్పు మీది చిత్రాన్ని మార్చడానికి వీలులేదు, మార్చనవసరమూ లేదు. ఒక వర్గం తనను తాను ఎలా చూసుకొన్నదో తెలిపే ఆధారంగా దాని విలువ తగ్గదు. అయితే ఆధారాన్ని చరిత్రగా పొరబడకూడదు. శాసనంలోని ప్రశస్తిని రాజ్యచరిత్రగా యథాతథంగా స్వీకరించని పరిశోధకుడు ఈ కప్పు మీది ప్రశస్తినీ అదే జాగ్రత్తతో చదవాలి. ప్రశస్తి పాలకుని ఘనతను చెబుతుంది. దున్నినవాని పేరును ఇతర ఆధారాలలో వెదకవలసి ఉంటుంది. శాంటోస్ మ్యూజియంలో ఆ వెదకులాట వేలంశాల కప్పు కిందనే మొదలుకావాలి.