పూజలో పాడేవారికి డబ్బులివ్వడం తప్పా?



పండగలు దగ్గరపడితే మన కేథలిక్ కుటుంబాల్లో ఒక మాట లేస్తుంది: "దేవుడి ముందు పాడటానికి డబ్బులేంటి?" ఇది ఒక్క చర్చి మాటే కాదు. భజన గోష్ఠికైనా, మన సంఘం ఉగాదికి పిలిచే గాయకులకైనా ఇదే లెక్క చెబుతాం. అందుకే ఈసారి చర్చి చరిత్రలోంచే ఒక మనిషి కథ చెప్పుకుందాం.

ఆయన జొవాన్ని పియెర్లూయీజీ ద పాలెస్ట్రీనా. మన కర్ణాటక సంగీతంలో త్యాగయ్యగారికి ఉన్నంత పేరు కేథలిక్ పూజా సంగీతంలో ఆయనకుంది. 1551లో రోమ్‌లోని పునీత పేతురు దేవాలయంలో గాయక బృందానికి పెద్ద అయ్యారు. 1555 జనవరిలో పోపు మూడో జూలియస్ ఆయన్ని సిస్టీన్ చాపెల్‌లోని తన సొంత గాయకుల్లో చేర్చుకున్నారు. అక్కడ పాడేవారు పెళ్లి కానివారై ఉండాలని నియమం. ఈయనకు భార్యాబిడ్డలున్నారు. ఆ ఏడే గద్దెనెక్కిన పోపు నాలుగో పౌలు ఆ నియమాన్ని గట్టిగా పట్టుకుని, పెళ్లయిన ముగ్గురు గాయకులను తీసేశారు. అంత కఠినమైన పోపు కూడా వాళ్లను వట్టి చేతులతో పంపలేదు. పింఛను ఏర్పాటు చేశారు.

ఆ తర్వాత ఆయన రోమ్‌లోనే పునీత యోహాను లాతెరాన్ దేవాలయంలో కుదిరారు. 1560లో అక్కడా మానేశారు. గొడవ దేని మీదనుకున్నారు? బృందంలో పాడే పిల్లల తిండి ఖర్చు మీద! 1568లో చక్రవర్తి రెండో మాక్సిమిలియన్ కొలువు నుంచి పిలుపొస్తే, ఈయన అడిగిన జీతం వాళ్లకు ఎక్కువనిపించి ఆ మాట తెగలేదు. 1571లో మళ్లీ పునీత పేతురు దేవాలయానికే వచ్చి, 1594లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు.

మధ్యలో అంటురోగాల కాలంలో ఇద్దరు కొడుకుల్ని, 1580లో భార్యను పోగొట్టుకున్నారు. గురువు అవుదామనుకున్న మనిషి 1581లో బొచ్చుతోళ్ల వ్యాపారం చేసే కుటుంబంలోని వితంతువును పెళ్లాడి, ఆ వ్యాపారమూ చూసుకున్నారు. పుస్తకాలు అచ్చువేయడానికి చేతిలో డబ్బు ఆడింది అప్పుడే. వందకు పైగా పూజా సంగీత రచనలు చేసిన ఆయన జీతం అడిగారు, బేరమూ ఆడారు. ఆయన భక్తిని శంకించే ధైర్యం మనలో ఎవరికుంది?

అవతలి పక్షం మాటలోనూ బలముంది. డబ్బిచ్చి పాడిస్తే మిగతావాళ్లు కచేరీకి వచ్చినట్టు కూర్చుంటారని వాళ్ల భయం. 1963లో రెండో వాటికన్ మహాసభ కూడా ప్రజలంతా గొంతు కలపాలనే చెప్పింది. అదే సభ గాయక బృందానిది నిజమైన ఆరాధనా సేవ అనీ, వాళ్లకు మంచి శిక్షణ కావాలనీ చెప్పింది. శిక్షణకు రోజులు పడతాయి. రోజులంటే కూలి, తిండి, బస్సు ఖర్చు.

1983 నాటి శ్రీసభ చట్టం ఈ తేడాను గుర్తించింది. నియమితులైన పఠనకర్తలకూ, పీఠం దగ్గర సహాయకులకూ ఆ పదవి వల్లే జీతం అడిగే హక్కు రాదంటుంది. కానీ శ్రీసభ ప్రత్యేక సేవకు తమను అంకితం చేసుకున్న గృహస్థులకు, కుటుంబం గడిచేలా తగిన ప్రతిఫలం పొందే హక్కుందంటుంది. ఆదివారం నలుగురితో కలిసి పాడేవారు ఒకటి. వారమంతా పాటలు ఎంచి, పిల్లలకు నేర్పి, హార్మోనియమో కీబోర్డో వాయించేవారు మరొకటి.

పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖలో పీఠం దగ్గర సేవచేసేవారికి దాని కానుకల్లో భాగం ఉందని వాదించి, తాను మాత్రం ఆ హక్కు వాడుకోలేదన్నారు. త్యాగయ్యగారు తంజావూరు రాజు పిలుపును కాదన్నారని మన తమిళనాడు తెలుగువాళ్లం గొప్పగా చెప్పుకుంటాం. కానీ ఆయన ఉంఛవృత్తికి బయలుదేరితే తిరువయ్యారు వీధులు బియ్యం పోశాయి. ఆ సంగతి మరిచిపోతాం.

వద్దనడం పాడేవారి ఇష్టం. వాళ్ల తరఫున మనం వద్దనడం త్యాగం కాదు, అది వాళ్ల జేబులోంచి మనం చేసే దానం. షామియానాకూ, మైకుసెట్టుకూ, భోజనాలకూ లెక్కరాసే మనం ఈ ఏడు పండగ జమాఖర్చుల్లో "గాయకులకు" అని కూడా ఒక పద్దు రాద్దాం. మొత్తం చిన్నదైనా సరే, అడగకముందే కవరు చేతికిద్దాం. వద్దని తిరిగిస్తే దండం పెట్టి తీసుకుందాం.