పోటు నీళ్ల మీద గీసిన రంగూన్

1853లో రంగూన్ కొత్త పట్నానికి కొలతలు వేస్తున్న ఇంగ్లీషువాళ్ల కాళ్ల కింద గట్టినేల తక్కువ, బురద ఎక్కువ. పోటు వచ్చినప్పుడల్లా నది ఒడ్డు దాటి లోపలి పల్లానికి పాకేది. వానాకాలంలో దానికి పైనుంచి కురిసే నీరు తోడయ్యేది. ఆ చిత్తడి నడుమ ఒక మెరక మీద ఎనిమిది పలకల సూలే పగోడా నిలబడి ఉంది. డాక్టర్ విలియం మాంట్‌గొమరీ, లెఫ్టినెంట్ అలెగ్జాండర్ ఫ్రేజర్ దాన్నే నడిబొడ్డుగా తీసుకుని ఇటూ అటూ నిలువు గీతలు, అడ్డ గీతలు గీశారు. మాంట్‌గొమరీ అంతకుముందు సింగపూర్‌లో పనిచేసినవాడు, ఫ్రేజర్ బెంగాల్ ఇంజనీర్ల దళం మనిషి. నూటడెబ్భై ఏళ్లు దాటినా యాంగాన్ నడిబొడ్డులో తిరిగేవాళ్లు ఆ గీతల మీదే నడుస్తున్నారు.

బర్మా సైనిక ప్రభుత్వం 1989లో ఇంగ్లీషు రాతలో కూడా రంగూన్‌ను యాంగాన్‌గా మార్చింది. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా పెద్దవాళ్ల నోట మాత్రం అది ఎప్పుడూ రంగమే. ‘మా తాత రంగం వెళ్లాడు’ అనే మాట వినని ఊరు ఆ తీరంలో అరుదు. ఒక రాజధాని చరిత్రలో మన వాళ్లకు ఇంత పెద్ద భాగం ఎలా దక్కిందో తెలియాలంటే ముందు అక్కడి నేలను చూడాలి.

పెగూ యోమా కొండల వరస దక్షిణాన సన్నగిల్లుతూ వచ్చి ఆఖరున చిన్న గుట్టగా ఆగిపోతుంది. ఆ గుట్ట ఎత్తు సుమారు 50 మీటర్లు. దాని మీద దాదాపు 100 మీటర్ల బంగారు స్తూపం ష్వేడగాన్. గుట్టకు దక్షిణాన నేల నదికి దిగిపోతుంది. వాయవ్యం నుంచి లైంగ్ నది, ఈశాన్యం నుంచి పెగూ నది, పజుందాంగ్ ఏరు ఇక్కడికి చేరి ఒకే ప్రవాహమై సుమారు 40 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తాయి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఐదు మీటర్లకు పైగా లేస్తుంది. సముద్రం అంత దూరాన ఉన్నా పెద్ద ఓడలు నేరుగా ఊరి ముంగిటికి రాగలగడం ఆ పోటు చలవే. ఏటా 2,500 మిల్లీమీటర్లకు మించి వాన కురిసే ఆ ఊళ్లో, వానా పోటూ ఒకేసారి వచ్చిన రోజున మురుగుకాలువలు వెనక్కి పొంగడమూ దాని పుణ్యమే.

ఇంగ్లీషువాళ్లు రాకముందు ఇక్కడ ఊరే లేదనుకుంటే తప్పు. ష్వేడగాన్ పాదాల దగ్గర డగాన్ అనే యాత్రాస్థలం శతాబ్దాలుగా ఉంది. అసలు ఓడరేవు మాత్రం ఏటికి అవతల ఉన్న సిరియం. 1755లో ఉత్తరాది నుంచి దిగివచ్చిన అలౌంగ్‌పయ రాజు డగాన్‌ను పట్టుకుని, యుద్ధాలు ముగిశాయన్న అర్థంలో యాంగాన్ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు సిరియంను నేలమట్టం చేశాడు. ఓడల వ్యాపారం దానంతటదే ఇవతలి ఒడ్డుకు మళ్లింది. 1824లో బర్మాతో చేసిన మొదటి యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు ఈ ఊరిని తీసుకుని, రెండేళ్ల తరవాత తిరిగి ఇచ్చారు. 1852లో రెండో యుద్ధం చేసి మళ్లీ తీసుకున్నారు. ఆసారి ఇవ్వలేదు.

పట్నం కట్టడానికి డబ్బు కావాలి. ప్రభుత్వం నేలంతా తనదేనని చెప్పి, గళ్లుగా కోసి అమ్మింది. కట్ట పోయడానికీ, పల్లం పూడ్చడానికీ, రోడ్లు వేయడానికీ ఆ రాబడినే వాడింది. డబ్బున్నవాడికి నది దగ్గర స్థలం దొరికింది. భారతీయ, చైనా, యూరోపియన్ వర్తకులు కొనుక్కున్నారు. తరతరాలుగా అక్కడే ఉన్న బర్మీయుల్లో చాలామందికి ఆ ధర అందలేదు, వాళ్లు అంచులకు జరిగారు. సొంత దేశపు ముఖ్య నగరంలో సొంత మనుషులు పక్కకు పోవడం అప్పుడే మొదలైంది. తరవాతి వందేళ్ల కల్లోలానికి విత్తనం ఆ స్థలాల అమ్మకంలోనే ఉంది.

1862లో అరకాన్, పెగూ, తెనాసరిం ప్రాంతాలను కలిపి బ్రిటిష్ బర్మా అన్నారు. దానికి రంగూన్ రాజధాని. ఆ ఏడాదే నవంబర్ 7న ఆఖరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ ఈ ఊళ్లోనే ఖైదులో కన్నుమూశాడు. సమాధి జాడ తెలియకుండా నేలను చదును చేశారు. 1991లో తవ్వకాల్లో గానీ అది బయటపడలేదు.

రంగూన్‌ను పెంచింది బియ్యం. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక యూరప్ దారి దగ్గరైంది. ఐరావతి డెల్టాలో అడవి నరికి, మడ కొట్టి, పొలాలు చేశారు. 1850లలో పది లక్షల ఎకరాలు కూడా లేని వరి 1930ల నాటికి దాదాపు పది రెట్లయింది. ఒక దశలో ఏటా 30 లక్షల టన్నుల బియ్యం బర్మా రేవుల నుంచి ఓడలెక్కేవి. ప్రపంచంలో అంత బియ్యం ఎగుమతి చేసే దేశం మరొకటి లేదు. పజుందాంగ్ ఏటి ఒడ్డున వరసగా రైసుమిల్లులు లేచాయి. ఎగువ నుంచి పడవల మీద వడ్లు దిగేవి, దిగువన బియ్యం బస్తాలు ఓడకు చేరేవి. మధ్యలో మోయడానికి, ఆడించడానికి, ఎత్తడానికి మనుషులు కావాలి. డెల్టా రైతు తన పొలం విడిచి రాడు. పొలానికి నేల దొరికినంత కాలం కూలీకి వెళ్లాల్సిన అవసరం అతనికి లేదు.

ఆ మనుషులు బంగాళాఖాతం ఇవతల నుంచి వెళ్లారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో కూలీ తక్కువ, అప్పు ఎక్కువ. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు ఆగేవి. మేస్త్రీ ఊరికి వచ్చి ఓడ ఛార్జీ, ఇంటికి కొంత బయానా ఇచ్చి జట్టు కట్టేవాడు. రంగం చేరాక పని చూపించేదీ అతనే, కూలీ డబ్బులు చేతిలో పోసేదీ అతనే, పోసేముందు బాకీ పట్టుకునేదీ అతనే. ఒక సీజనుకని వెళ్లినవాడు ఆ బాకీ తీరక మూడు నాలుగేళ్లు ఉండిపోయేవాడు. కంపెనీకి కూలీ పేరు తెలియనక్కర్లేదు, మేస్త్రీ పేరు తెలిస్తే చాలు. ఈ పద్ధతిలో లాభం కంపెనీదీ, కష్టం జట్టుదీ.

రంగూన్‌లో తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. గోదావరి పాయ మీద ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. అక్కడి ఓడలు బర్మా తీరానికి వెళ్లడం స్టీమర్లకంటె పాతది. రేవు పూడిపోయి కాకినాడకు తరలినా పేరు సముద్రం అవతల నిలబడింది. రేవులో బస్తాలు మోసేవాళ్లలో, మిల్లుల్లో కూలీల్లో, రిక్షా లాగేవాళ్లలో, వీధులు ఊడ్చేవాళ్లలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. రేవుకు దగ్గరగా ఉన్న సన్నవీధుల్లో, ఫ్రేజర్ గీసిన గళ్లలో, ఒక్కో గదిలో పదులమంది చొప్పున పడుకునేవారు. పగటి జట్టు లేచి వెళితే రాత్రి జట్టు వచ్చి అదే చోట నడుం వాల్చేది. ఆడవాళ్లు బహు కొద్దిమంది. నగరం మొత్తం మీద మగవాళ్లే ఎక్కువైపోయిన కాలం అది.

1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం 4 లక్షలు. అందులో 2 లక్షల 12 వేలమంది, అంటే సగానికి పైన, భారతీయులు. రాజధానిలో బర్మీయులు మూడో వంతు మాత్రమే. అంతకుముందే స్ట్రాండ్ రోడ్డు మీది స్ట్రాండ్ హోటల్, ఊరి నడుమ హైకోర్టు, ఎర్ర ఇటుకల సెక్రటేరియట్ నగరానికి గొప్ప రూపం తెచ్చాయి. సూలే చుట్టూ ఇప్పటికీ ఒక మసీదు, ఒక బాప్టిస్టు చర్చి, బర్మీయ శిల్పి ఊ టిన్ దేశీయ కప్పులతో తీర్చిన సిటీ హాలు పక్కపక్కనే ఉన్నాయి. 26వ వీధిలో యూదుల ప్రార్థనాలయం ఉంది. ఇన్ని జాతులు కలిసి బతికిన ఊరని చరిత్రకారులు మురిసిపోతారు. కలిసి ఉండటం నిజమే. ఒకే పని కోసం ఇద్దరు పేదవాళ్లు పోటీపడే రోజు వచ్చేదాకా అది బాగానే సాగింది.

ఆ రోజు 1930 మేలో వచ్చింది. మే 5న పెగూలో పెద్ద భూకంపం, రంగూన్ కూడా కంపించింది. అదే రోజు గాంధీని అరెస్టు చేసిన వార్త. కొద్ది రోజుల్లో రేవులోని తెలుగు కూలీలు పని ఆపారు. అరెస్టుకు నిరసనగా మొదలైన సమ్మెలో కూలీ పెంచాలన్న కోరిక కూడా చేరింది. రోజుకు ఒకటిన్నర రూపాయి ఇస్తున్నారు, రెండు రూపాయలు కావాలన్నారు. ఓడలు ఆగితే కంపెనీలకు నష్టం. ఓడల్లో సరుకు ఎక్కించి దించే స్టీవ్‌డోరు కంపెనీలు బర్మీయ కూలీలను పిలిచి పనిలో పెట్టాయి. వరి ధర పడిపోయి, పొలం తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల అప్పుకింద పోయి, పట్నానికి వచ్చిన రైతులు ఆ పని కోసం ఆశగా నిలబడ్డారు. వారాలు గడిచాయి. కంపెనీలు నాలుగణాలు పెంచి పాత కూలీలతో రాజీ పడ్డాయి. కొత్తవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మే 26 ఉదయం పనికి వచ్చిన బర్మీయులకు ఇక మీతో పని లేదన్నారు. కొందరు భార్యలు తెచ్చిన అన్నం మూటలతో అక్కడే నిలబడి ఉన్నారు. ఎదుట తిరిగి పనిలో చేరిన తెలుగువాళ్ల ఎగతాళి మాటలు వినిపించాయి. గొడవ మొదలైంది. సాయంత్రానికి రేవు దాటి వీధుల్లోకి పాకింది. రోజుల తరబడి భారతీయులను వెతికి కొట్టారు. వందమందికి పైగా చనిపోయారు, చాలామటుకు తెలుగువాళ్లు. వేలమంది పిచ్చాసుపత్రి ఆవరణలోను, ఇతర ఆశ్రయాల్లోను తలదాచుకున్నారు. ఊరు తుడిచేవాళ్లు లేక చెత్త పేరుకుపోయాక గానీ ఎవరి చేతుల మీద రాజధాని నడుస్తోందో అధికారులకు తెలిసిరాలేదు.

దీన్ని రెండు జాతుల కొట్లాటగా రాస్తే సగమే రాసినట్టు. ఒకే పనికి ఇద్దరిని పిలిచి ఒకరిని గేటు దగ్గర వదిలేసిన కంపెనీలు మాత్రం తమ ఓడలను వేళకు నింపుకున్నాయి. ఆ డిసెంబర్‌లోనే డెల్టాకు ఉత్తరాన సయా సాన్ నాయకత్వంలో రైతుల తిరుగుబాటు లేచింది. కొన్నేళ్లకు లెక్క తీస్తే దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో పావువంతు పొలం చెట్టియార్ల చేతిలో ఉంది.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. క్రిస్మస్ నాడు మళ్లీ వేశాయి. రేవు కూలీలు ప్రాణాలు అరచేత పట్టుకుని ఉత్తరానికి నడిచారు. 1942 మార్చి 8న జపాన్ సేన ఊళ్లో అడుగుపెట్టింది. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్లకు దొరికింది, మిగిలినవాళ్లు ప్రోమ్ మీదుగా అరకాన్ తీరానికి, లేదా తమూ దాటి మణిపూర్ కొండలకు కాలినడకన బయల్దేరారు. సుమారు 5 లక్షలమంది అలా వచ్చారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి దారిలో పదుల వేలమందిని తీసుకుపోయాయి. తెల్లవాళ్లకో దారి, భారతీయులకో దారి పెట్టారన్న ఆరోపణ అప్పుడే వచ్చింది, గాంధీ బహిరంగంగా ఖండించారు.

స్వాతంత్ర్యం 1948 జనవరి 4న వచ్చింది. అందుకు పాటుపడిన ఆంగ్ సాన్ అంతకు ఆరు నెలల ముందే, 1947 జూలై 19న, అదే సెక్రటేరియట్ భవనంలో సహచరులతో పాటు హత్యకు గురయ్యాడు. అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన పల్లె జనం రాజధానిలో గుడిసెలు వేసుకుంటే, 1950ల చివర వాళ్లను ఊరి బయట ఒక్కలాపా, తాకేత పేటలకు తరలించారు. 1962లో జనరల్ నే విన్ అధికారం పట్టాక దుకాణాలు, మిల్లులు, బ్యాంకులు జాతీయం చేశారు. 1964లో పెద్ద నోట్లు రద్దయ్యాయి. డబ్బు, నగలు దేశం దాటించడం మీద గట్టి ఆంక్షలు. సుమారు 3 లక్షలమంది భారతీయులు ఉత్త చేతులతో ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అలా దిగినవాళ్లతో ఏర్పడిన పేట.

2005 నవంబర్‌లో సైనిక ప్రభుత్వం మంత్రిత్వ శాఖలను లారీల్లోకి ఎక్కించి 320 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న కొత్త రాజధాని నేపిడాకు తరలించడం మొదలుపెట్టింది. దేశానికి నడిమధ్యన ఉంటే పాలన సులువని కారణం చెప్పింది. మూడేళ్లు తిరగకుండా 2008 మేలో నర్గిస్ తుఫాను వచ్చి డెల్టాలో లక్షకు పైగా ప్రాణాలు తీసింది. యాంగాన్ వీధుల్లో నూరేళ్ల చెట్లు వేళ్లతో పెకలించుకుపోయాయి. కార్యాలయాలు వెళ్లిపోయినా జనం పోలేదు. 2014 లెక్కలకు నగర జనాభా 50 లక్షలు దాటింది. వలయ రైలు ఇప్పటికీ 46 కిలోమీటర్లు చుట్టి వస్తుంది. పాత వీధుల్లో పై అంతస్తుల నుంచి తాడు వేలాడదీసి కూరగాయలు పైకి లాక్కుంటారు.

కూలిపోకుండా కాపాడాల్సిన భవనాలని నగర పాలక సంస్థ 1990లలో 189 కట్టడాలకు జాబితా వేసింది. చాలామటుకు ప్రభుత్వ భవనాలు, ప్రార్థనాలయాలు. కూలీలు పడుకున్న గదుల గురించి రాసినవాళ్లు కొద్దిమంది. 1930లలో ఇంగ్లీషు అధికారులు రంగూన్‌లోని భారతీయ కూలీల మీద నివేదికలు రాశారు. వాటిలో కూలీ రేట్లు, గదుల కొలతలు, ఓడ దిగినవాళ్ల సంఖ్యలు ఉన్నాయి. కోనసీమ లోగిళ్లలో బర్మా టేకు స్తంభాలను చూపిస్తారు కానీ, అవి వచ్చిన రేవులో దుంగలు మోసినవాడి మాట రాసిన కాగితం దొరకదు. బర్మా క్యాంపులో 1964 ఓడ దిగిన యువకులు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు. వాళ్లు ఏ నంబరు వీధిలో ఉన్నారో, వాళ్ల తండ్రులు ఏ మిల్లులో పనిచేశారో, తాత ఏ రేవులో ఏ మేస్త్రీ వెంట స్టీమరెక్కాడో అడిగి రాసుకునే పని విశ్వవిద్యాలయాలు ఈ ఏడాదే మొదలుపెట్టాలి.