98.6 ఎక్కడిది?

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. సర్వీసు ముచ్చట్లు అందరివీ ఒకలాంటివే కనుక, క్రిందటి వర్షాకాలంలో నాకు జరిగిన పరాభవం వ్రాస్తున్నాను.

మా ఆవిడకు రాత్రివేళ జ్వరం వచ్చింది. అబ్బాయి పంపిన డిజిటల్ థర్మామీటరు పెడితే 39.5 చూపింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి జ్వరమంటే నూటొకటి, నూటరెండు అని విన్నవాణ్ణి. బ్యాటరీ అయిపోయిందనుకుని ప్రక్కన పెట్టేశాను. గంటకల్లా ఆమె పలవరింతలు మొదలుపెట్టింది. ఎదురింటి నర్సుగారు వచ్చి చూసి, "బాబాయిగారూ, ఇది సెల్సియస్. నూట మూడు దాటింది" అన్నారు. ఆస్పత్రిలో చేర్చాం, నాలుగు రోజులకు తేరుకుంది. పోయిన ఆ గంట మాత్రం నా ఖాతాలోదే.

సిగ్గేమిటంటే ఈ లెక్క నాకు కొట్టినపిండి. 1956 చట్టంతో మన దేశానికి మెట్రిక్ కొలతలు వచ్చాయి. నేను గుమాస్తాగా చేరిన క్రొత్తలో పాత రిజిస్టర్లలోని ఫారన్‌హీట్ అంకెలు మార్చే పని నాకే పడింది. సెల్సియస్ అంకెను రెట్టింపు చేసి, అందులో పదోవంతు తీసి, 32 కలిపితే ఫారన్‌హీట్. 39.5 రెట్టింపు 79, అందులో 7.9 పోతే 71.1, దానికి 32 కలిపితే 103.1. నోటిలెక్కే.

ఈ 32 ఎందుకు వచ్చిందంటే, ఫారన్‌హీట్ తన 1724 వ్యాసంలో మంచు, నీరు, నవాసాగరం కలిపిన మిశ్రమాన్ని సున్నాగా పెట్టుకున్నాడు. అప్పుడు ఉత్త నీరూ మంచూ కలిసినచోట 32 పడింది. ఆరోగ్యవంతుని శరీరానికి ఆయన వేసింది 96. స్వీడన్‌లో సెల్సియస్ 1742లో మరిగే నీటికి 0, గడ్డకట్టే నీటికి 100 పెట్టాడు! 1744లో ఆయన పోయాక దాన్ని తిరగేశారు. తిరగేయకపోతే జ్వరం ఎక్కేకొద్దీ అంకె దిగేది.

మరి 98.6? 1868లో జర్మన్ వైద్యుడు వుండర్లిష్, వేలమంది రోగులను పరీక్షించి, 37 సెల్సియస్ అని సగటు ప్రకటించాడు. దాన్ని ఫారన్‌హీట్‌లోకి మారిస్తే 98.6 వచ్చింది. ఆ దశాంశం మార్పిడిలో పుట్టిందే కాని, మనిషి శరీరం అంత ఖచ్చితంగా ఉండదు. మనం మాత్రం దాన్ని జీవోలా పట్టుకున్నాం.

కెల్విన్ సంగతి సులువు. 1848లో ప్రతిపాదించిన ఆ కొలత, అంతకు దిగువ చల్లదనం లేని చోట మొదలవుతుంది. సెల్సియస్‌కు 273.15 కలిపితే చాలు. ఆ లెక్కన మా ఆవిడ జ్వరం 312.65. అది చూసివుంటే నాకే జ్వరం వచ్చేది.

ఇంకొక్కటి. తేడాలు మార్చేటప్పుడు 32 కలపరాదు. జ్వరం 2 సెల్సియస్ డిగ్రీలు తగ్గిందంటే 3.6 ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గినట్లు. ఉద్యోగంలో ఒకసారి 5 డిగ్రీల తేడాను 9 అనకుండా 41 అని వ్రాసి, స్టేట్‌మెంటు మొత్తం తిరిగి కాపీ చేశాను.

ఇప్పుడు థర్మామీటరు డబ్బా మీద చీటీ అంటించాను: 37కు 98.6, 38కి 100.4, 39కి 102.2, 40కి 104. క్రింద సంతకం, తేదీ కూడా వేశానని మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.