అర్రేకు పేరు రావడానికి పదిహేడేళ్లు

జావా వర్చువల్ మెషిన్‌లో ప్రతి అర్రేకూ, అంటే ఒకే రకం విలువల వరుసకు, ఒక గుర్తు ఉంటుంది. ముందు ఎడమ చదరపు బ్రాకెట్, దాని వెంట ఒక అక్షరం. బైట్ల అర్రే అయితే ‘బి’, ఇంట్‌లదైతే ‘ఐ’, డబుల్స్‌దైతే ‘డి’. లాంగ్‌కు ‘ఎల్’ రావాలి కదా, రాలేదు. ఆ అక్షరాన్ని క్లాసుల పేర్ల ముందు పెట్టేశారు కాబట్టి లాంగ్‌కు ‘జె’ మిగిలింది. ‘బి’ని బైట్ పట్టుకుపోయింది కాబట్టి బూలియన్ ‘జెడ్’తో సరిపెట్టుకుంది. అర్రేల అర్రే అయితే బ్రాకెట్ రెండుసార్లు. 1990ల నడుమ సన్ మైక్రోసిస్టమ్స్‌లో జరిగిన ఈ పంపకంతో, కాజీపేటలో కూర్చుని, ఆ మెషిన్ మీదే నడిచే క్లోజర్ భాషలో ప్రోగ్రాములు రాసే నాకు ఇప్పటికీ పని పడుతూనే ఉంటుంది.

అయితే ఈ గుర్తులు నాకు ఎన్నడూ కొత్తగా తోచలేదు. మా బాపు కాజీపేట యార్డులో టీఎన్‌సీ, అంటే ట్రైన్స్ క్లర్కు. నిజాం రైలు 1889లో బెజవాడ చేరింది, 1929లో బల్లార్షా లైను పూర్తయింది. అప్పటినుంచి ఢిల్లీకీ మద్రాసుకూ హైదరాబాదుకూ పోయే దారులు మా ఊళ్లోనే కలుస్తాయి. గూడ్సు బండి యార్డులో ఆగగానే ఈ చివర నుంచి ఆ చివరి దాకా కంకర మీద నడుస్తూ ఒక్కో వ్యాగన్ నంబరు ఎక్కించుకోవాలి. వానైనా అంతే, మే నెల ఎండైనా అంతే. బాక్స్‌ఎన్ అంటే పైకప్పు లేని బొగ్గు వ్యాగన్. బీసీఎన్ అంటే సిమెంటు, ధాన్యం బస్తాలకు మూసి ఉండేది. బీటీపీఎన్ అంటే పెట్రోలు ట్యాంకు. చివరి ‘ఎన్’ ఎయిర్ బ్రేకుకు గుర్తు. ఇప్పటి పదకొండు అంకెల నంబరులో మొదటి రెండూ వ్యాగన్ రకాన్ని చెప్తాయి, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, ఆపై రెండూ ఏ ఏడు తయారైందో. ఆఖరి అంకె, నంబరు తప్పు రాసుకుంటే పట్టించడానికి. తలుపు తీసి లోపలికి తొంగి చూసే పనే లేదు. ఒంటి మీద రాసి ఉన్నదాన్ని బట్టే ఏ లైనులోకి నెట్టాలో తేలిపోతుంది. ఇచ్చిన వస్తువు టైపు చూసి, ఒకే పేరున్న ఫంక్షన్లలో దేన్ని నడపాలో తేల్చే డిస్పాచ్ కూడా ఇదే పని.

ఆ పని 1960లలో నార్వేలో మొదలైంది. ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ చేసిన సిమ్యులా 67లో వర్చువల్ ప్రొసీజర్లు ఉండేవి. తర్వాత వచ్చిన స్మాల్‌టాక్‌లో అర్రే కూడా ఒక మామూలు క్లాసే. దానికి మెథడ్ కావాలంటే రాసుకోవడమే, అడ్డు చెప్పేవాళ్లు లేరు. లిస్ప్ వాళ్లు ఇంకా ముందుకు పోయారు. జిరాక్స్ పార్క్‌కు చెందిన డేనియల్ బాబ్రో, గ్రెగర్ కిజాలెస్ తదితరులు తీర్చిదిద్దిన క్లాస్ వ్యవస్థను 1988లో కామన్ లిస్ప్‌లో కలిపారు. అందులో మొదటి ఆర్గ్యుమెంటు ఒక్కటే కాదు, అన్నిటి టైపులూ చూసి మెథడ్‌ను ఎంచుతారు. వెక్టర్‌కొకటి, స్ట్రింగ్‌కొకటి రాయొచ్చు. ఫ్లోట్ల వెక్టర్‌కు విడిగా రాస్తానంటే మాత్రం ప్రమాణం హామీ ఇవ్వదు. బండి ఏమిటో చూస్తారు కానీ సరుకు సంగతి పట్టించుకోరు.

జావా దీన్ని తిరగేసింది. సరుకు రకం అర్రే ఒంటి మీదే రాసింది కానీ, అర్రేకు మనం మెథడ్ రాసే దారి మూసేసింది. ఏ టైపుకైనా పనికొచ్చే కోడ్ రాయనిచ్చే జెనెరిక్స్ 2004 దాకా రాలేదు. అప్పటిదాకా ఒకే సార్టింగ్ మెథడ్ అందరికీ పనికిరావాలని స్ట్రింగుల అర్రేను ఆబ్జెక్టుల అర్రేగా కూడా చెల్లనిచ్చారు. దాంట్లో ఎవరైనా ఇంటీజర్ పెడితే ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ మొరాయిస్తుంది. ఇంట్‌ల అర్రేకు ఈ సౌకర్యం కూడా లేదు.

రిచ్ హికీ 2007లో క్లోజర్‌ను బయటపెట్టినప్పుడు ఆ అర్రేలన్నీ జావాతో పాటు వచ్చి పడ్డాయి. క్లోజర్ సొంత వెక్టర్లూ మ్యాపులూ మార్చడానికి వీల్లేనివి, అందంగా ఉంటాయి. జావా అర్రే అలా కాదు, ఎవరైనా లోపల చెయ్యి పెట్టొచ్చు. అందుకే దాన్ని ఎప్పుడూ బయటి సరుకుగానే చూశారని నా అనుమానం. 2010లో 1.2 వెర్షన్‌తో ప్రోటోకాల్స్ వచ్చాయి. మొదటి ఆర్గ్యుమెంటు క్లాసును బట్టి వేగంగా మెథడ్ ఎంచే పద్ధతి ఇది. స్ట్రింగ్‌కు రాయాలంటే ‘స్ట్రింగ్’ అంటే చాలు. బైట్ల అర్రేకు రాయాలంటే మాత్రం ‘క్లాస్/ఫర్‌నేమ్’ అని కుండలీకరణం తెరిచి, కొటేషన్లలో ఆ బ్రాకెట్టునూ ‘బి’నీ రాసి మూయాలి.

తంటా అంతా ఆ కుండలీకరణంతోనే. ప్రోటోకాల్‌ను ఒకేసారి పలు టైపులకు విస్తరించే మాక్రో తన జాబితాను చదివే తీరు చాలా సాదాది. కుండలీకరణంలో లేనిది టైపు పేరు, ఉన్నది మెథడ్. మరి అర్రే టైపు పేరే కుండలీకరణంలో ఉందాయె! జాబితాలో మొదట ఉంటే టైపని ఒప్పుకుంటుంది. నడుమ ఉంటే పై టైపుకు చెందిన మెథడ్ అనుకుంటుంది. రెండు రకాల అర్రేలు కావాలంటే జాబితాలూ రెండు రాసుకోవాల్సిందే. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఒకరోజు టైపులన్నిటినీ అక్షరక్రమంలో ముచ్చటగా సర్దాడు. అర్రే నడుమకు జరిగింది, బిల్డ్ ఆగింది. కుర్రాడిని ఏమనగలం? యార్డులో వ్యాగన్ ఎన్నో స్థానంలో ఉందన్నదాన్ని బట్టి దాని రకం మారదు కదా.

అదే 2012లో జనానికి అందిన జూలియాను చూడండి. జెఫ్ బెజాన్సన్, స్టెఫాన్ కార్పిన్‌స్కీ, విరల్ షా, అలన్ ఎడెల్మన్ లెక్కల కోసమే దాన్ని కట్టారు. అర్రేలో ఉన్నదేమిటి, ఎన్ని డైమెన్షన్లు అన్న రెండూ టైపులోనే ఉంటాయి. డిస్పాచ్ ఆ రెండింటినీ చూస్తుంది, పైగా అన్ని ఆర్గ్యుమెంట్లకూ చూస్తుంది. అర్రే అక్కడ ఇంటి మనిషి.

క్లోజర్‌లో ఆ లోటు 2024 సెప్టెంబరులో వచ్చిన 1.12తో కొంత తీరింది. ఇప్పుడు ‘బైట్/1’ అని రాస్తే ఒక డైమెన్షన్ ఉన్న బైట్ల అర్రే, ‘స్ట్రింగ్/2’ అంటే రెండు డైమెన్షన్ల స్ట్రింగుల అర్రే. కుండలీకరణం పోయింది కాబట్టి జాబితాలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. పేరు దొరికింది గానీ వెతికే పద్ధతి మారలేదు. ఆబ్జెక్టుల అర్రేకు మల్టీమెథడ్ (ఏం చూసి ఎంచాలో మనమే చెప్పే డిస్పాచ్) రాసి, క్లాసును బట్టి ఎంచమని చెప్పి, స్ట్రింగుల అర్రేను పంపితే అందుకుంటుంది. జావా దాన్ని ఆబ్జెక్టుల అర్రేగా ఒప్పుకుంటుంది కాబట్టి. ప్రోటోకాల్ అలా కాదు, తల్లి క్లాసుల వరుస పట్టుకుని పైకి ఎక్కుతుంది. స్ట్రింగుల అర్రేకు తల్లి క్లాసు నేరుగా ‘ఆబ్జెక్ట్’. నడుమ ఆబ్జెక్టుల అర్రే తగలనే తగలదు. అందుకని ఏ ‘ఆబ్జెక్ట్’కో రాసిన ఉత్తుత్తి మెథడ్‌లోకి పోయి పడుతుంది, ఎర్రర్ కూడా రాదు.

ఇంత తెలిసీ మా లైబ్రరీలో పాత బ్రాకెట్ ‘బి’లు అలాగే ఉంచాం, జాబితాలో మొదటి స్థానంలోనే. 1.12కు మారని వాళ్లు ఇంకా ఉన్నారు మరి.