మదర్‌బోర్డు ఆయుష్షు

2025 అక్టోబరు 14తో విండోస్ 10 గడువు తీరింది. విండోస్ 11 ఏమో ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను దాదాపుగా ఒప్పుకోదు. దాంతో చక్కగా నడుస్తున్న డెస్క్‌టాప్‌లను కూడా చాలా ఇళ్లలో, డీటీపీ సెంటర్లలో మార్చాల్సి వస్తోంది. ఎన్ని కోర్లు, ఎన్ని గిగాహెర్ట్జ్ అని అందరూ అడుగుతారు. బోర్డు సంగతి మాత్రం షాపువాడికే వదిలేస్తారు. కంప్యూటర్ ఏళ్ల తరబడి మొరాయించకుండా నడవాలంటే ముందు ఆరా తీయాల్సింది బోర్డు గురించే.

లెక్కల యంత్రాల కథను పూసల చట్రం దగ్గర ఎత్తుకుంటే వేల ఏళ్లు తిరగాలి. మనకు కావలసింది చివరి అరవై ఏళ్లే. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12ను తయారుచేసిన రోజుల్లో ప్రాసెసర్ అంటే బీరువా నిండా కార్డులు. రెండేళ్లకే ఇంటెల్ 4004 వచ్చి, 2,300 ట్రాన్సిస్టర్లను గోరంత చిప్పులో ఇమిడ్చింది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ, ఆ వెనకే దాని నకళ్లు. తైవాన్ కంపెనీలు బోర్డులను విడిగా అమ్మడం మొదలుపెట్టాక ప్రాసెసర్ ఒకరిది, బోర్డు మరొకరిది అయింది. ఏది కొనాలన్న తర్జనభర్జన అక్కడే పుట్టింది.

ప్రాసెసర్లు తప్పు చేయకపోలేదు. పెంటియం భాగహారంలో తడబడుతోందని 1994లో అమెరికా గణిత ప్రొఫెసర్ థామస్ నైస్లీ పట్టుకున్నారు. చిప్పులు మార్చి ఇవ్వడానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. 1998లో వచ్చిన 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డులకు మాత్రం ఇప్పటికీ అభిమానులున్నారు. అదే ఏడాది వచ్చిన సెలెరాన్ 300ఏను ఆ బోర్డు మీద 450 మెగాహెర్ట్జ్ దాకా పరిగెత్తించేవారు.

అసలు కథ ఆ తర్వాతది. 2000 తర్వాత కొన్న ఎన్నో కంప్యూటర్లు ఏడాది రెండేళ్లు తిరక్కుండానే తిక్కతిక్కగా ప్రవర్తించాయి. ఉన్నట్టుండి రీస్టార్ట్ అయ్యేవి. పొద్దున్నే ఆన్ చేస్తే ఫ్యాన్ తిరిగేది గానీ తెర వెలిగేది కాదు. ర్యామ్ తీసి తుడిచేవారు, విండోస్ మళ్లీ ఎక్కించేవారు, ఎస్ఎంపీఎస్ మార్చేవారు. అయినా జబ్బు అలాగే ఉండేది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల అసెంబుల్ చేయించుకున్నవాటికీ, పెద్ద కంపెనీల సీల్డ్ బాక్సులకూ అదే తంతు.

డబ్బా మూత తీసి, ప్రాసెసర్ సాకెట్ చుట్టూ చూస్తే దొంగ దొరికేవాడు. అక్కడ చిటికెన వేలి కొస అంత అల్యూమినియం గొట్టాలు వరుసగా నిలబడి ఉంటాయి. అవి కెపాసిటర్లు. ఎస్ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టులను బోర్డు ఒకటిన్నర వోల్టుకు దించి ప్రాసెసర్‌కు అందిస్తుంది. ఆ కరెంటులో ఎగుడుదిగుళ్లు లేకుండా సాపు చేయడం ఈ గొట్టాల పని. వాటి నెత్తి మీద ప్లస్ ఆకారంలోనో, ఆంగ్ల కే అక్షరంలానో గాటు ఉంటుంది. బాగున్న కెపాసిటర్ నెత్తి చదునుగా ఉంటుంది. పాడైనది పూరీలా ఉబ్బి, ఆ గాటు చీలి, గోధుమరంగు రసం కారి గట్టిపడి ఉండేది.

లోపమంతా లోపలి ద్రావణంలో ఉంది. నీళ్లు ఎక్కువగా ఉండే ద్రావణం అల్యూమినియాన్ని తినేయకుండా కొన్ని రసాయనాలు కలపాలి. అవి సరిగా లేకపోవడంతో లోపల హైడ్రోజన్ వాయువు పుట్టి గొట్టం ఉబ్బింది. జపాన్ కంపెనీ రూబికాన్‌లో పనిచేసిన ఒక శాస్త్రవేత్త చైనా కంపెనీకి మారాడనీ, అక్కడ అతని దగ్గర పనిచేసినవాళ్లు ఫార్ములా పట్టుకుని తైవాన్ చేరారనీ, ఆ ఫార్ములా అసంపూర్తిదనీ అప్పటి సాంకేతిక పత్రికలు రాశాయి. దొంగతనం మాట ఎలా ఉన్నా, కెపాసిటర్లను కోసి పరీక్షించినవాళ్లకు రసాయన లోపం స్పష్టంగా కనిపించింది. బోర్డుల కంపెనీల్లో అబిట్ తప్పును బాహాటంగా ఒప్పుకుంది. డెల్ 2005లో ఈ బాపతు మరమ్మతులకు 30 కోట్ల డాలర్లు కేటాయించింది.

మంచి కెపాసిటర్‌కైనా వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమైపోతుంది. మన ఎండలకు నాసిరకానివి నిలుస్తాయా? వాటిని మార్చే పనివాళ్ల నేర్పు గురించి ఎవరూ రాయలేదన్న బాధ నాకుంది. పొరలు పొరలుగా ఉండే బోర్డులో గ్రౌండ్ కాలు వేడినంతా లాగేసుకుంటుంది, సోల్డర్ ఒక పట్టాన కరగదు. తొందరపడి లాగితే రంధ్రం లోపలి రాగి పూత ఊడి వస్తుంది, బోర్డు పోయినట్టే. ఓపికగా ఒక్కో కాలు ఊడదీసి, మైనస్ గీత ఎటుందో చూసుకుని, 105 డిగ్రీలు తట్టుకునే రకం వేసేవారు. పారేయాల్సిన బోర్డు మళ్లీ బతికేది.

ఈ కెపాసిటర్ల దెబ్బతో బోర్డుల కంపెనీలు ద్రవం లేని సాలిడ్ కెపాసిటర్ల వైపు మళ్లాయి. కథ ఇక్కడితో సుఖాంతమైతే బాగుండేది. 2011 జనవరిలో ఇంటెల్ 6-సిరీస్ చిప్‌సెట్లో శాటా పోర్టుల లోపం బయటపడింది. 2023లో ఏఎండీ ప్రాసెసర్ల కోసం చేసిన కొన్ని ఏఎం5 బోర్డులు వోల్టేజీ మితిమీరి ఇవ్వడంతో రైజెన్ ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్లోనే కాలాయి. ప్రాసెసర్‌లోని ఎస్ఓసీ భాగానికి అందే వోల్టేజీ 1.3 వోల్టులు దాటకుండా ఏఎండీ కట్టడి చేసింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల వంతు. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ కోరి దెబ్బతినేది. పోటీలో పైచేయి కోసం పరిమితులు ఎత్తేసిన బోర్డులు ఆ కష్టాన్ని ఇంకా పెంచాయి.

కాబట్టి మెరిసే లైట్లకు డబ్బు పోయొద్దు. వోల్టేజీ దించే భాగం మీద సరైన హీట్‌సింక్ ఉన్న మధ్యరకం బోర్డు చాలు. బయాస్ అప్‌డేట్లు చాలాకాలం ఇచ్చే కంపెనీదై ఉండాలి. ప్రాసెసర్‌ను దాని మామూలు సెట్టింగుల్లోనే నడపాలి. ఇంటెల్ 13, 14 తరాల్లో గట్టిరకం ప్రాసెసర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే 0ఎక్స్12బీ లేదా ఆ తర్వాతి మైక్రోకోడ్ ఉన్న బయాస్ ఎక్కించారో లేదో, ఎప్పుడు ఎక్కించారో అడగండి. అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఏ అప్‌డేటూ బాగుచేయదు. ఇబ్బందికి గురైన మోడళ్ల బాక్స్ ప్యాక్ ప్రాసెసర్లకు ఇంటెల్ వారంటీని అయిదేళ్లకు పెంచింది గనుక పాత బిల్లు కూడా అడిగి తీసుకోండి.