మాజీ సైనికుల అనుభవాలు: రికార్డు చేసి దాచుకుందాం

మా వీధి చివరి ఇంట్లో ఉండే పెద్దాయన వియత్నాం యుద్ధంలో పనిచేశారని పన్నెండేళ్ళ పాటు మాకు తెలియనే తెలియదు. మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా స్కూలు ప్రాజెక్టు కోసం ఒక మాజీ సైనికుడిని ఇంటర్వ్యూ చేయాల్సి వచ్చింది. అప్పుడు నలుగురినీ అడిగితే ఆయన సంగతి తెలిసింది. ఆ పనిలో మేము నేర్చుకున్నవి మన సభ్యులకు కూడా ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాను.

వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 'వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్' అనే విభాగం ఉంది. 2000 అక్టోబరులో వచ్చిన చట్టంతో ఇది మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఇప్పటి వరకు అమెరికా సైన్యంలో పనిచేసిన వారి అనుభవాలను వాళ్ళ మాటల్లోనే భద్రపరుస్తారు. ఇప్పటికి 1,20,000 మందికి పైగా సైనికుల కథలు చేరాయి. జనరల్సే అయి ఉండనక్కర్లేదు. వంటవాళ్ళు, ట్రక్కు డ్రైవర్లు, నర్సులు, అసలు యుద్ధరంగం చూడని వాళ్ళు కూడా చెప్పవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన 1.6 కోట్ల మంది అమెరికన్లలో ఇప్పుడు మిగిలింది లక్ష లోపే. ఆలస్యం చేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా!

ఇంటర్వ్యూ చేయడానికి చరిత్రకారులు కానక్కర్లేదు. పదో తరగతి పిల్లల నుంచి ఎవరైనా చేయవచ్చు. ఆడియో గానీ వీడియో గానీ కనీసం 30 నిమిషాలు ఉండాలి, ఎడిటింగ్ చేయకూడదు. రికార్డింగు లేకపోతే 20 పేజీలకు తగ్గని డైరీ లేదా జ్ఞాపకాలు, లేదంటే కనీసం పది అసలు ఫోటోలు, ఉత్తరాలు ఇవ్వవచ్చు. వివరాల ఫారం, అనుమతి ఫారాలు తప్పనిసరి. వీటిని మామూలు పోస్టులో కాకుండా ప్రైవేటు కొరియర్‌లో పంపమంటారు. భద్రత కోసం అక్కడి పోస్టు మీద రేడియేషన్ ప్రయోగిస్తారు కాబట్టి ఫోటోలు, డిస్కులు పాడయ్యే ప్రమాదం ఉంది. పంపే ముందు లైబ్రరీ వెబ్‌సైటులో తాజా సూచనలు ఒకసారి చూసుకోండి.

మా మొదటి రికార్డింగు 22 నిమిషాలకే అయిపోయింది, అంటే పనికి రాలేదు. "యుద్ధంలో మీరేం చేశారు?" అని అడిగితే ఆయన రెండు ముక్కల్లో ముగించేశారు. మరుసటి వారం మా అమ్మాయి ప్రశ్నలు మార్చింది. అక్కడ ఏం తినేవారు, ఉత్తరాలు ఎవరు రాసేవారు, ఇంటికొచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకు ఎవరొచ్చారు అని అడిగింది. ఆయన గంటకు పైగా మాట్లాడారు. మధ్యలో లేచి లోపలికి వెళ్ళి షూ డబ్బా నిండా ఉత్తరాలు తెచ్చారు. ఎవరినైనా చంపారా అని మాత్రం ఎప్పుడూ అడగకండి. చెప్పాలనుకుంటే వాళ్ళే చెప్తారు.

ఆ రాత్రి మా ఆవిడ, "మా నాన్నని మనం ఎప్పుడైనా ఇలా అడిగామా?" అంది. మా మామగారు ఇండియన్ ఆర్మీ సిగ్నల్స్‌లో చేసి రిటైరయ్యారు. లైబ్రరీ వాళ్ళ ప్రాజెక్టు అమెరికా సైనికులకే పరిమితం, కాబట్టి ఆయన కథ అక్కడికి వెళ్ళదు. అయినా పద్ధతి అదే కదా అని ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు తెలుగులోనే రికార్డు చేశాం. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందన్న కబురు వచ్చేసరికి ఆయన భుజాన కేబుల్ చుట్ట మోస్తూ నడుస్తున్నారట. "దాన్ని దింపాలా వద్దా అని అడిగితే మా హవల్దారు తిట్టాడు" అని నవ్వారు. ముప్పై ఏళ్ళుగా అల్లుడినై ఉండి ఈ మాట నేను వినడం అదే మొదటిసారి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇండియన్ ఆర్మీలో చేరిన వాళ్ళు 25 లక్షల మంది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి 'మిలిటరీ మాధవరం' అని పేరు రావడానికి కారణం తరతరాలుగా అక్కడి కుటుంబాల నుంచి సైన్యంలోకి వెళ్ళినవాళ్ళే. ఊళ్ళో స్మారకం ఉంది. అలాంటి స్మారకాల మీద పేర్లు ఉంటాయి గానీ, బర్మా అడవిలో వాన ఎలా కురిసిందో ఉండదు.

మన పెద్దవాళ్ళను రికార్డు చేసేవారికి ఒక మాట. సైన్యంలో పనిచేసినవారి మాటల్లో హిందీ పదాలు చాలా దొర్లుతాయి. మన పిల్లలకు అవి అర్థం కావు, కాబట్టి అర్థాలు, ఊళ్ళ పేర్లు అప్పుడే అడిగి కాగితం మీద రాసుకోండి. డిశ్చార్జి బుక్కును ఫోటో తీసుకుంటే యూనిటు, తేదీలు దొరుకుతాయి. సర్వీసు నంబరు, పెన్షన్ వివరాలు మాత్రం ఎవరికీ పంపకండి. రికార్డింగు ఒక్క ఫోనులోనే ఉంచకుండా కనీసం మూడు చోట్ల కాపీలు పెట్టుకోండి, ఒకటి ఇండియాలో ఉన్నవాళ్ళ దగ్గర ఉంటే మంచిది.

ఈ వేసవికి మీ ఇంటికి అలాంటి పెద్దవారు వస్తుంటే, జెట్ లాగ్ తీరిన మొదటి వారాంతంలోనే కూర్చోబెట్టండి. తిరుగు ప్రయాణానికి ముందు వారంలో సూట్‌కేసుల బరువు తూచుకోవడంతోనే సరిపోతుంది.